వశిష్ఠ–అరుంధతి: రెండు చుక్కల్లో ఆరు నక్షత్రాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

రాత్రిపూట ఆకాశం చూపించేటప్పుడు నేను మొదట చూపించేది ఈ జంటనే. చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఇవే. వాటికి నాకు తెలిసినంతలో వివరంగా జవాబులు రాశాను.

ఈ నక్షత్రాలు ఆకాశంలో ఎక్కడుంటాయి?

ఉత్తర దిక్కున గరిటె ఆకారంలో కనిపించే ఏడు చుక్కలే సప్తర్షి మండలం. గరిటె గిన్నెలో నాలుగు చుక్కలు, కాడలో మూడు ఉంటాయి. కాడ మధ్యలో, సరిగ్గా వంపు తిరిగే చోట ఉన్నది వశిష్ఠ. దాన్ని ఆనుకుని మసకగా కనిపించే చిన్న చుక్క అరుంధతి. ఖగోళ శాస్త్రంలో వీటిని మిజార్, ఆల్కర్ అంటారు. ఈ వ్యాసంలో రెండు రకాల పేర్లూ వాడాను. మార్చి నుంచి జూన్ దాకా చీకటి పడగానే చూస్తే గరిటె బాగా పైకి వచ్చి ఉంటుంది, వెతకడం తేలిక.

మొత్తం ఎన్ని నక్షత్రాలున్నాయి?

కంటికి రెండు. చిన్న టెలిస్కోపులో మూడు. అసలు లెక్క ఆరు.

టెలిస్కోపులో వశిష్ఠ రెండు చుక్కలుగా విడిపోతుంది. వాటిని మిజార్ ఎ, మిజార్ బి అంటారు. మిజార్ ఎ మళ్లీ రెండు నక్షత్రాల జంట. మిజార్ బి కూడా జంటే. అంటే వశిష్ఠ ఒక్కటే నాలుగు నక్షత్రాలు. అరుంధతికి పక్కనే ఒక చిన్న ఎర్రటి తోడు ఉంది. నాలుగూ రెండూ కలిపి ఆరు.

ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. మూడు నాలుగు నక్షత్రాలు ఇంచుమించు సమాన దూరాల్లో కలిసి తిరిగితే వాటి కక్ష్యలు నిలకడగా ఉండవు. ఒకదాన్నొకటి లాగి, చివరికి ఏదో ఒకటి బయటికి విసిరివేయబడుతుంది. దగ్గరగా తిరిగే ఒక జంట, దానికి చాలా దూరంగా ఇంకో జంట, వాటన్నిటికీ ఇంకా దూరంగా మరొకటి. ఇలా అంచెలంచెలుగా ఉంటేనే కోట్ల ఏళ్లు నిలుస్తుంది. దూరంగా ఉన్న జంట దృష్టిలో దగ్గరి జంట ఒకే బరువైన నక్షత్రం లాంటిది. వశిష్ఠ–అరుంధతిలో ఈ అంచెలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

వశిష్ఠ రెండు నక్షత్రాలని మొదట ఎవరు చూశారు?

బెనెడెట్టో కాస్టెల్లి. ఆయన గెలీలియో శిష్యుడు. 1617 జనవరిలో ఆయన గెలీలియోకు రాసిన ఉత్తరంలో ఈ చుక్కను చూడమని కోరాడు. గెలీలియో చూసి, రెండు చుక్కల మధ్య ఎడం 15 ఆర్క్ సెకన్లు అని రాసుకున్నాడు. ఒక డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. నేటి కొలత 14.4. అప్పటి పరికరంతో అంత దగ్గరగా కొలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గెలీలియో ఆ కొలత ఎందుకు తీసుకున్నాడన్నది ఇంకా ఆసక్తికరం. ఆయనకు కావలసింది జంట నక్షత్రం కాదు, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందనడానికి రుజువు. భూమి కదులుతుంటే దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రం ఏడాది పొడవునా ఒకదానితో పోలిస్తే ఒకటి కాస్త జరిగినట్టు కనిపించాలి. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్టు దూరపు కొండ మీదుగా జరిగినట్టు కనిపిస్తుంది కదా, అదే సంగతి. దీన్ని పారలాక్స్ అంటారు. రెండు చుక్కల్లో ప్రకాశవంతమైనది దగ్గరగా, మసకది దూరంగా ఉందని గెలీలియో అనుకున్నాడు. టెలిస్కోపులో చుక్క సైజు చూసి, అది సూర్యుడంత నక్షత్రమే అయితే మనకు సూర్యుడి దూరానికి 300 రెట్లు దూరంలో ఉంటుందని లెక్కేశాడు. అంత దగ్గరైతే జరుగుడు ఇట్టే కనిపించాలి. కానీ కనిపించలేదు.

ఆ లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. ఆయన చూసింది నక్షత్రం అసలు సైజు కాదు, టెలిస్కోపులో కాంతి చెదిరి ఏర్పడిన చిన్న బిళ్ల. రెండోది, ఆ రెండు నక్షత్రాలు మనకు ఇంచుమించు ఒకే దూరంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ దూరం సూర్యుడి దూరానికి 300 రెట్లు కాదు, 52 లక్షల రెట్లు.

మిగతావి టెలిస్కోపులో కనిపించకపోతే, ఉన్నాయని ఎలా తెలిసింది?

వర్ణపటం వల్ల. నక్షత్ర కాంతిని పట్టకంతో రంగులుగా విడదీస్తే మధ్యలో సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. నక్షత్రం మనవైపు వస్తుంటే ఆ గీతలు నీలం వైపు, మన నుంచి దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. అంబులెన్స్ దగ్గరికి వచ్చేటప్పుడు సైరన్ కీచుగా, దాటి వెళ్లాక బొంగురుగా వినిపించడానికి కారణమైన డాప్లర్ ప్రభావమే ఇక్కడా పనిచేస్తుంది.

1880ల చివర్లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో తీసిన ఫోటో పలకలపై మిజార్ ఎ గీతలు కొన్ని రాత్రులు ఒక్కటిగా, కొన్ని రాత్రులు రెండుగా చీలి కనిపించాయి. ఒకే నక్షత్రానికి అలా జరగదు. రెండు నక్షత్రాలుండి, ఒకటి మనవైపు వస్తున్నప్పుడు రెండోది దూరంగా పోతుంటేనే గీతలు చీలుతాయి. 1889లో ఎడ్వర్డ్ పికరింగ్ ఈ విషయం ప్రకటించాడు. ఆ పలకలను ఓపికగా పరిశీలించిన వారిలో ఆంటోనియా మోరీ ముఖ్యురాలు. వర్ణపటం ద్వారా కనుక్కున్న మొట్టమొదటి జంట నక్షత్రం ఇదే.

మొదట్లో ఆ జంట ఒక చుట్టు తిరగడానికి 104 రోజులు పడుతుందని లెక్కేశారు. అది తప్పు. 1901లో హెర్మన్ వోగెల్ సరిదిద్దాడు. సరైన కాలం సుమారు 20.5 రోజులు. 1908లో మిజార్ బి గీతలు కూడా అటూ ఇటూ ఊగుతున్నాయని తేలింది. దాని జంట ఒక చుట్టుకు దాదాపు 175 రోజులు తీసుకుంటుంది. అయితే అక్కడ కనిపించేది ఒక నక్షత్రం గీతలే. రెండోది మరీ మసక. మొదటిదాన్ని అది అటూ ఇటూ లాగడం వల్లే దాని సంగతి తెలుస్తోంది.

మిజార్ ఎలోని రెండు నక్షత్రాలను విడివిడిగా చూడగలమా?

మామూలు టెలిస్కోపుతో, అది ఎంత పెద్దదైనా, చాలా కష్టం. వాటి మధ్య ఎడం ఆర్క్ సెకనులో సుమారు నూరో వంతు. ఒక మీటరు ఎడంగా పెట్టిన రెండు దీపాలను 20 వేల కిలోమీటర్ల దూరం నుంచి విడదీసి చూడటం లాంటిది.

దానికి దారి ఇంటర్‌ఫెరోమీటర్. దూరదూరంగా పెట్టిన అద్దాలపై పడిన కాంతిని ఒకచోట కలిపి, అలలు ఒకదానిపై ఒకటి పడి ఏర్పడే చారలను చదువుతారు. 1920ల్లోనే అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో ఫ్రాన్సిస్ పీజ్ ఈ పద్ధతిలో మిజార్ ఎను కొలిచాడు. 1990ల్లో ఆరిజోనాలోని ఆప్టికల్ ఇంటర్‌ఫెరోమీటర్ ఏకంగా చిత్రాలే ఇచ్చింది. రోజు రోజుకూ ఒక చుక్క రెండోదాని చుట్టూ జరుగుతూ పోవడం వాటిలో కనిపిస్తుంది. అంతకు ముందు వందేళ్లపాటు ఎక్కువగా గీతల చీలికగానే తెలిసిన జంట అది.

నక్షత్రం బరువు ఎలా తెలుస్తుంది? ఎవరూ వెళ్లి తూచలేదు కదా!

జంట నక్షత్రాల మీద ఖగోళ శాస్త్రానికి ఇంత మక్కువ ఎందుకో ఈ ప్రశ్నలోనే ఉంది. ఒంటరి నక్షత్రం ద్రవ్యరాశిని నేరుగా కొలిచే మార్గం దాదాపు లేదు. జంటగా ఉంటే కక్ష్యే తక్కెడ అవుతుంది.

కెప్లర్ మూడో సూత్రం ప్రకారం, రెండు నక్షత్రాల సగటు దూరాన్ని భూమి–సూర్యుల దూరంతో పోల్చి ఘనం చేయాలి. తిరిగే కాలాన్ని ఏళ్లలో తీసుకుని వర్గం చేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే రెండు నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి ఎన్ని రెట్లో వస్తుంది. మిజార్ ఎలో సగటు దూరం సుమారు 0.24. దాని ఘనం 0.0138. కాలం 20.5 రోజులు, అంటే 0.0562 ఏళ్లు. దాని వర్గం 0.00316. భాగిస్తే దాదాపు 4.4. ఇక గీతలు ఊగే వేగాలను చూస్తే రెండు నక్షత్రాలదీ ఇంచుమించు ఒకే వేగం, కాబట్టి బరువును సగం సగం పంచాలి. ఒక్కొక్కటి సూర్యుడికి సుమారు 2.2 రెట్లు.

కాగితం తీసుకుని మీరే ఒకసారి వేసి చూడండి. 83 కాంతి సంవత్సరాల అవతల ఉన్న నక్షత్రాన్ని ఇంట్లో కూర్చుని తూచినట్టే.

ఆరింటి భౌతిక లక్షణాలు ఏమిటి?

మిజార్ ఎలోని రెండూ దాదాపు కవలలు. నీలిఛాయ ఉన్న తెల్లని నక్షత్రాలు. ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 9,000 కెల్విన్లు. సూర్యుడిది 5,800 కన్నా కొంచెం తక్కువ. ఒక్కొక్కటి సూర్యుడి కన్నా 30 రెట్లకు పైగా కాంతి ఇస్తుంది. వాటి కక్ష్య గుండ్రంగా ఉండదు, బాగా సాగిన దీర్ఘవృత్తం. దగ్గరికి వచ్చినప్పుడు వాటి మధ్య సుమారు 1.7 కోట్ల కిలోమీటర్లు, దూరం జరిగినప్పుడు 5.5 కోట్లు. బుధుడు సూర్యుడికి ఉన్నంత దూరంలోనే ఈ కవలల ఆట అంతా.

మిజార్ బిలోని పెద్ద నక్షత్రం కాస్త తేలిక, సూర్యుడికి సుమారు 1.6 రెట్లు. దాని వర్ణపటంలో కొన్ని లోహాల గీతలు మామూలు కన్నా బలంగా ఉంటాయి. నెమ్మదిగా తిరిగే తెల్ల నక్షత్రాల్లో పైపొర కలగాపులగం కాకుండా ప్రశాంతంగా ఉండి, కొన్ని మూలకాలు పైకి తేలుతాయి, కొన్ని కిందికి దిగిపోతాయి. అందుకే అలా కనిపిస్తుంది.

అరుంధతి అలా కాదు. ఇది సూర్యుడికి సుమారు 1.8 రెట్ల బరువున్న తెల్ల నక్షత్రం. తన చుట్టూ తాను విపరీతమైన వేగంతో తిరుగుతుంది. దాని మధ్యరేఖ దగ్గర వేగం సెకనుకు 200 కిలోమీటర్ల పైనే. సూర్యుడిది సుమారు 2. మన సూర్యుడు ఒకసారి తిరగడానికి 25 రోజులు తీసుకుంటే, సూర్యుడి కన్నా పెద్దదైన అరుంధతి సగం రోజులోపే ఒక చుట్టు ముగిస్తుంది. దాని తోడు సూర్యుడిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బరువున్న ఎర్ర మరుగుజ్జు నక్షత్రం.

ఆ ఎర్ర మరుగుజ్జును 2009 దాకా ఎందుకు చూడలేకపోయారు?

అరుంధతి వెలుగులో మునిగిపోయి ఉండటం వల్ల. వాటి మధ్య ఎడం దాదాపు ఒక ఆర్క్ సెకను మాత్రమే. అయితే ఏదో ఉందన్న అనుమానం అంతకు ముందు నుంచీ ఉంది. ఆకాశంలో ఎక్స్‌రేలను వెతికే రోశాట్ ఉపగ్రహం అరుంధతి దిశ నుంచి ఎక్స్‌రేలు పట్టుకుంది. ఈ రకం తెల్ల నక్షత్రాలు సాధారణంగా ఎక్స్‌రేలు విడుదల చేయవు. వయసులో ఉన్న ఎర్ర మరుగుజ్జులు మాత్రం బాగా చేస్తాయి.

వాతావరణం వల్ల కలిగే వణుకును సరిచేసే అద్దాలు, పెద్ద నక్షత్రం వెలుగును అడ్డుపెట్టే పరికరాలు వచ్చాక రెండు బృందాలు వేర్వేరుగా ఆ తోడును పట్టుకున్నాయి. అయినా ఒక అనుమానం మిగులుతుంది. అది ఎక్కడో వెనకాల ఉన్న సంబంధం లేని నక్షత్రం అయితే? పాలొమార్ టెలిస్కోపుతో చూసిన బృందం దీన్ని తేల్చిన తీరు నాకు ఎంతో ఇష్టం. భూమి తన కక్ష్యలో ముందుకు సాగుతుండగా కొన్ని నెలల తేడాతో మళ్లీ చూశారు. పారలాక్స్ వల్ల అరుంధతి ఎంత జరిగిందో చిన్న చుక్క కూడా అంతే జరిగింది. రెండూ ఒకే దూరంలో ఉన్నాయని రుజువైంది. 1617లో గెలీలియో ఇదే నక్షత్రాల దగ్గర వెతికి, దొరక్క వదిలేసిన కదలికే ఇది.

వశిష్ఠ, అరుంధతి ఒకదాని చుట్టూ ఒకటి సమానంగా తిరుగుతాయంటారు. నిజమేనా?

ఈ మాట ఫోన్లలో తెగ తిరుగుతుంటుంది. అందులో కొంత నిజం, ఎక్కువ కల్పన ఉన్నాయి.

రెండూ అంతరిక్షంలో ఒకే దిశగా, ఇంచుమించు ఒకే వేగంతో పోతున్నాయి. గురుత్వాకర్షణతో ముడిపడి ఉన్నాయని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. అంతవరకు నిజం. కానీ వాటి మధ్య ఎడం ఎంత తక్కువ అనుకున్నా భూమి–సూర్యుల దూరానికి దాదాపు 18 వేల రెట్లు. అసలు దూరం ఒక కాంతి సంవత్సరం దాకా ఉండొచ్చు. తక్కువ దూరాన్నే తీసుకుని కెప్లర్ సూత్రంతో లెక్కేసినా ఒక చుట్టుకు 7 లక్షల ఏళ్ల పైనే పడుతుంది. ఆ కదలికను ఏ మనిషీ చూసి ఉండడు, ఏ తరమూ చూడలేదు.

‘సమానంగా’ అన్నదీ సరికాదు. వశిష్ఠ వైపు నాలుగు నక్షత్రాలున్నాయి కాబట్టి ఆ వైపు బరువు అరుంధతి వైపు కన్నా సుమారు మూడు రెట్లు. ఉమ్మడి కేంద్రం వశిష్ఠకే దగ్గరగా ఉంటుంది, అరుంధతి పెద్ద వలయంలో తిరుగుతుంది. ఇలాంటి జంట ఇదొక్కటేనని కూడా అంటుంటారు. కానీ జంట నక్షత్రాలు విశ్వంలో అరుదైనవి కావు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో దాదాపు సగానికి తోడు ఉంది. అసలు విషయమే ఇంత గొప్పగా ఉండగా దానికి కల్పన తగిలించి పంచడం నాకు బాధగా ఉంటుంది.

రెండింటి మధ్య టెలిస్కోపులో ఇంకో చిన్న చుక్క కనిపిస్తుంది. అదేమిటి?

వాటితో సంబంధం లేని నక్షత్రం, ఎంతో వెనక ఉంది. 1722లో జర్మనీలో లీబ్‌నెక్ట్ అనే పండితుడు అది కదిలిందనుకుని, కొత్త గ్రహం దొరికిందని ప్రకటించి, తన ప్రాంతపు పాలకుడి పేరు పెట్టాడు. అది గ్రహం కాదు.

అరుంధతి కనబడితే కళ్లు బాగున్నట్టేనా?

కొంతవరకు. రెండు చుక్కల మధ్య ఎడం సుమారు 12 ఆర్క్ నిమిషాలు (ఒక డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం), చందమామ వెడల్పులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. మామూలు కన్ను ఒక ఆర్క్ నిమిషం తేడాను కూడా విడదీయగలదు. కాబట్టి ఎడం సమస్య కాదు. అరుంధతి మసకగా ఉండటం, పక్కనే దాని కన్నా ఆరు రెట్లు వెలుగున్న వశిష్ఠ ఉండటమే ఇబ్బంది. వీధి దీపాల వెలుగులో కనబడకపోతే కళ్ల గురించి టెన్షన్ పడకండి. చీకటి ఉన్న చోట పదిహేను నిమిషాలు కళ్లు అలవాటు పడనిచ్చి మళ్లీ చూడండి.

సప్తర్షుల్లో మిగతా నక్షత్రాలకూ వీటికీ సంబంధం ఉందా?

ఉంది. ఏడింటిలో ఐదు, అంటే వశిష్ఠ, అంగిరస, అత్రి, పులస్త్య, పులహ, ఒకే మేఘంలో ఒకే కాలంలో పుట్టినవి. ఇప్పటికీ ఒకే దిశగా కలిసి ప్రయాణిస్తున్నాయి. రెండు చివర్లలో ఉన్న క్రతువు, మరీచి మాత్రం వేరు దారి పట్టి పోతున్నాయి. లక్ష ఏళ్ల తర్వాత గరిటె ఆకారం ఉండదు, రెండు కొసలూ వంగిపోతాయి. ఈ గుంపు వయసు సుమారు 40 నుంచి 50 కోట్ల ఏళ్లని అంచనా. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. వశిష్ఠ మనకు పాత పేరే గానీ నక్షత్రాల్లో చిన్నవాడే.

మున్ముందు వీటికి ఏమవుతుంది?

సూర్యుడికి 2.2 రెట్ల బరువున్న నక్షత్రం తన కేంద్రంలోని హైడ్రోజన్‌ను సుమారు 100 కోట్ల ఏళ్లలో ఖర్చు చేస్తుంది. బరువెక్కువ, ఖర్చూ ఎక్కువ. ఆ తర్వాత మిజార్ ఎ కవలలు ఉబ్బడం మొదలుపెడతాయి. మధ్యలో చోటు తక్కువ కాబట్టి ఒకదాని వాయువు రెండోదాని మీదికి పారే అవకాశం ఉంది. అరుంధతి పక్కనున్న ఎర్ర మరుగుజ్జుకు ఏ తొందరా లేదు. పొదుపుగా మండుతూ పదివేల కోట్ల ఏళ్ల పైనే బతుకుతుంది. మిగతా పెద్ద నక్షత్రాలన్నీ చల్లారి తెల్ల మరుగుజ్జులుగా మిగిలాక కూడా అది వెలుగుతూనే ఉంటుంది.

అక్కడ గ్రహాలున్నాయా?

ఇప్పటిదాకా ఏదీ కనుక్కోలేదు. మిజార్ ఎ కవలల మధ్య గ్రహం నిలవడం దాదాపు అసాధ్యం. అరుంధతికి బాగా దగ్గరగా తిరిగే గ్రహమైతే నిలవొచ్చు.

నా దగ్గర చిన్న టెలిస్కోపు ఉంది. ఏం కనబడుతుంది?

60 మిల్లీమీటర్ల కటకం ఉన్నా చాలు. ముందు తక్కువ పవర్‌తో వశిష్ఠ, అరుంధతి రెండూ ఒకే చూపులో ఉండేలా పెట్టండి. తర్వాత 50 రెట్ల దగ్గర వశిష్ఠ రెండుగా విడిపోతుంది. ఒకటి వెలుగుగా, దాని పక్కనే ఇంకొకటి కాస్త తగ్గి. 400 ఏళ్లలో వాటి ఎడం పెద్దగా మారలేదు, ఎందుకంటే ఆ రెండూ ఒక చుట్టు తిరగడానికి వేల ఏళ్లు పడుతుంది. గెలీలియో చూసిన అమరికనే దాదాపు అలాగే మీరూ చూస్తారు.